స్టీరింగ్ పట్టే ముందు అరగంట

ఆదివారం ఒక్కరోజు దొరికే సెలవులో బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకోవడం, టెక్కా మార్కెట్‌కి పోయి సరుకులు తెచ్చుకోవడం అన్నీ ఉంటాయి. అవన్నీ పక్కన పెట్టి ఇక్కడికి వచ్చిన అన్నలకూ తమ్ముళ్లకూ ముందుగా ధన్యవాదాలు.

మేము సివిల్ డిప్లొమా చదివి, ఇక్కడికి వచ్చి, సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవాళ్లం. మాట్లాడమంటే సాధారణంగా ఎత్తు మీద పని, హార్నెస్, హెల్మెట్ గురించి చెప్తాం. ఈసారి వేరే విషయం ఎంచుకున్నాం. పొద్దున్నే మనల్ని డార్మిటరీ నుంచి సైటుకి తెచ్చి, రాత్రి మళ్లీ దింపే లారీ ఉంది కదా, ఆ లారీ నడిపే మనిషి గురించి. అతని పనిగంటలు, అతని నిద్ర, అతని జీతం గురించి. అతనికి సంబంధించిన రూల్సు అతనికే కాదు, వెనక కూర్చునే మనందరికీ తెలియాలి. ఎందుకంటే అతని కళ్లు మూతపడితే పోయేది అతనొక్కడు కాదు.

మన సైట్లలో డ్రైవర్ అంటే చాలా చోట్ల డ్రైవర్ ఒక్కడే కాదు. రాడ్ కట్టేవాడో, సెంట్రింగ్ కొట్టేవాడో అయి ఉంటాడు. లైసెన్సు ఉంది కాబట్టి తాళం చేతిలో పెడతారు. మా సైటులో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన తమ్ముడు ఒకడు ఉన్నాడు. పేరు అక్కర్లేదు, ఇలాంటి తమ్ముడు మీ సైటులోనూ ఉంటాడు. అతను 4.15కి లేస్తాడు. 5.15కి క్రాంజీలో మొదటి డార్మ్ దగ్గర మనుషుల్ని ఎక్కించుకుంటాడు, తర్వాత సుంగే కడూట్‌లో ఇంకొందరిని. 6.45కి తువాస్‌లో సైటు. మిగతావాళ్లు అట్టముక్క వేసుకుని ఒక కునుకు తీస్తారు. అతను బండిలో సామాను దింపించి, టిఫిన్ పొట్లం విప్పేసరికి టూల్‌బాక్స్ మీటింగ్ మొదలవుతుంది. ఎనిమిదింటి నుంచి ఏడింటి దాకా రాడ్ పని. అందరూ చేతులు కడుక్కుని బండి ఎక్కితే, అతను ముందుకెళ్లి స్టీరింగ్ పట్టుకుంటాడు. మళ్లీ గంట డ్రైవింగ్. బండి కడిగి, వంట చేసుకుని, తిని పడుకునేసరికి పదకొండు. టైమ్ కార్డులో మాత్రం ఎనిమిది నుంచి ఏడు అని ఉంటుంది. ఆ కార్డు మీద సంతకం మాదే.

రెండేళ్ల కిందట ఒక గురువారం సాయంత్రం జరిగింది చెప్తాం. స్లాబ్ కాంక్రీటు ఆలస్యమై పని ఏడు దాటింది. అందరికీ తొందర. డార్మ్‌లో కేటరింగ్ అన్నం చల్లారిపోతుందని కొందరు, ఇంటికి వీడియో కాల్ చేయాలని కొందరు. బండి బయలుదేరింది. క్రాంజీ ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీ మెల్లగా పక్క లేన్‌లోకి జరిగి, అక్కడి నుంచి రోడ్డు అంచుకి పోయి, ఇనప కంచెను రాసుకుంటూ కొంతదూరం వెళ్లింది. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన ఒక్క అరుపు అరిచి స్టీరింగ్ పట్టుకుని లాగాడు. వెనక పదహారు మంది. ఒకాయనకి మోచేయి విరిగింది, ఇద్దరికి తలకి దెబ్బలు తగిలాయి. ప్రాణాలు పోలేదు. ఫోన్‌లో ఆ తమ్ముడు అన్న మాట ఒక్కటే: "కునుకు పట్టేసిందన్నా, తెలీలేదన్నా."

మరుసటి రోజు సేఫ్టీ ఆఫీసరు డ్రైవర్ విశ్రాంతి ఫారం అడిగాడు. ఫారంలో ఆ గురువారం 7.00 నుంచి 7.30 వరకు విశ్రాంతి అని రాసి ఉంది. కింద మా సంతకం. గేటు దగ్గర గార్డు పుస్తకంలో లారీ బయటికి వెళ్లిన టైము 7.12. నిజం ఏమిటంటే ఆ ఫారం మేము సోమవారం పొద్దున్నే వారం మొత్తానికీ ఒకేసారి నింపేసేవాళ్లం. ఫైల్లో కాగితం ఉంటే చాలు అనుకునేవాళ్లం. అప్పుడు మాకు వచ్చిన మొదటి ఆలోచన కూడా దాచుకోకుండా చెప్తాం. ఆ తమ్ముడి దగ్గరికి వెళ్లి, "ఎవరైనా అడిగితే మధ్యాహ్నం అరగంట పడుకున్నానని చెప్పు" అన్నాం. అతను తల దించుకుని "సరే అన్నా" అన్నాడు. ఎదురు చెప్పలేదు. పర్మిట్ పోతుందేమోనన్న భయం. ఊళ్లో ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. మా తప్పుని తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడు. ఆ "సరే అన్నా" అన్న మాట ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. మర్నాడు వెళ్లి, ఫారం ముందే నింపింది మేమే, అతనికి విశ్రాంతి ఇవ్వలేదు అని రాసిచ్చాం. మాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. అతని ఉద్యోగం నిలబడింది. ఇందులో గొప్పేమీ లేదు, మొదటి రోజే చెప్పాల్సిన మాట రెండో రోజు చెప్పాం, అంతే.

ఇప్పుడు రూల్సు సంగతి. ఇవి ఊరికే పుట్టలేదు, ప్రతి రూలు వెనకా కొన్ని ప్రాణాలున్నాయి. 2010 జూన్‌లో పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక లారీ బోల్తాపడి, వెనక కూర్చున్న ముగ్గురు చైనా కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత లారీలకి పైకప్పు, పక్కన ఎత్తైన కటకటాలు బిగించే గడువును ముందుకు జరిపారు. 2021 ఏప్రిల్ 20న అదే ఎక్స్‌ప్రెస్‌వే మీద, ఆగి ఉన్న టిప్పర్‌ని కార్మికుల లారీ వెనక నుంచి గుద్దింది. వెనక 17 మంది ఉన్నారు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒకాయన, మన దేశం నుంచి వచ్చిన ఒకాయన చనిపోయారు. ఇద్దరూ కుర్రవాళ్లే.

ఆ తర్వాత 2023 జనవరి 1 నుంచి మూడు రూల్సు వచ్చాయి. ఒకటి, వెనక మనుషుల్ని ఎక్కించుకునే లారీకి వాన తగలకుండా కవరు ఉండాలి. రెండు, ప్రతి లారీకి ఒక వెహికల్ బడ్డీ ఉండాలి. డ్రైవర్ మెలకువగా ఉన్నాడా, వెనకవాళ్లు సరిగ్గా కూర్చున్నారా అని చూసే మనిషి. మూడు, 6 గంటలకు మించి పని చేసిన డ్రైవరు మనుషుల్ని ఎక్కించుకుని బండి తీసే ముందు కనీసం 30 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. మేము ముందే టిక్కు పెట్టి దాటేసింది ఈ మూడో రూలునే.

వీటితో పాటు పాత రూల్సు ఉన్నాయి. వెనక కూర్చునే ఒక్కొక్కరికి 8 చదరపు అడుగుల చోటు ఉండాలి, ఆ లెక్క ప్రకారం ఎంతమంది ఎక్కవచ్చో బండి మీద రాసి ఉండాలి. లోపల నిలబడకూడదు. 3,501 నుంచి 12,000 కిలోల మధ్య బరువున్న లారీలకి 60 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ లిమిటర్ బిగించాలని 2024 నుంచి విడతలవారీగా అమలు చేస్తున్నారు. "ఇంకొంచెం తొక్కరా" అని వెనక నుంచి కేకలు వేసే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాయింట్లు పడేది డ్రైవర్ లైసెన్సు మీద, కేక వేసినవాడి మీద కాదు. 24 నెలల్లో 24 పాయింట్లు పడితే లైసెన్సు సస్పెండ్. కొత్త డ్రైవరైతే, 12 నెలల్లో 13 పాయింట్లకే లైసెన్సు రద్దు. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే ఒక్కసారికే 12 పాయింట్లు. "ఎక్కడున్నావ్, కాంక్రీటు బండి వచ్చేసింది" అని డ్రైవరుకి పదిసార్లు ఫోన్ చేసేది ఎవరు? మేమే, సూపర్‌వైజర్లం. ఫోన్ చేసేది మేము, పాయింట్లు అతనికి. ఇప్పుడు మా సైటులో బండి రోడ్డు మీద ఉంటే డ్రైవరుకి ఫోన్ చెయ్యం, బడ్డీకి చేస్తాం.

లైసెన్సు విషయంలో ఒక మాట. ఊళ్లో ట్రాక్టరు, టాటా ఏస్ నడిపిన చెయ్యి అని చెప్పి ఇక్కడ తాళం తీసుకోవద్దు. పనిలో భాగంగా బండి నడపాలంటే సింగపూర్ లైసెన్సు కావాలి, బేసిక్ థియరీ టెస్టు పాసవ్వాలి. క్లాస్ 3 లైసెన్సుతో నడపగలిగేది ఖాళీ బరువు 2,500 కిలోలు మించని బండి. అంతకు మించితే క్లాస్ 4 కావాలి. బండి మీద రాసిన బరువు చూసుకోండి. "పర్లేదు నడుపు, నేను చూసుకుంటా" అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు.

ఇక జీతం. ఇది చాలామంది తమ్ముళ్లు అడగడానికి మొహమాటపడే విషయం. ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం, నెలకి 4,500 డాలర్ల లోపు బేసిక్ ఉన్న శారీరక శ్రమ చేసే కార్మికుడికి రోజుకి 8 గంటలు, వారానికి 44 గంటలు దాటితే ఓవర్‌టైమ్. దానికి గంటకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌తో కలిపి రోజుకి 12 గంటలు, నెలకి 72 గంటల ఓవర్‌టైమ్ హద్దు. 72 దాటించాలంటే కంపెనీ మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. పనిగంటలు అంటే ఏమిటో కూడా చట్టం చెప్పింది: కార్మికుడు యజమాని చెప్పుచేతల్లో ఉండి, తన ఇష్టం వచ్చినట్టు తన సమయాన్ని వాడుకోలేని ప్రతి గంటా పనిగంటే. మరి 5.15కి లారీలో ఉన్న డ్రైవరు ఎవరి చెప్పుచేతల్లో ఉన్నట్టు? తన ఇష్టానికి క్రాంజీ రిజర్వాయర్ చూడటానికి పోతున్నాడా? కంపెనీ బండి, కంపెనీ మనుషులు, కంపెనీ చెప్పిన టైము. అది పనే.

ఒక లెక్క వేసి చూద్దాం. బేసిక్ 800 డాలర్లు అనుకోండి. గంట రేటు లెక్కకట్టే పద్ధతి ఇది: నెల బేసిక్‌ని 12తో గుణించి, 52 వారాలు, వారానికి 44 గంటలతో భాగించాలి. 4 డాలర్ల 20 సెంట్ల దగ్గర వస్తుంది. ఒకటిన్నర రెట్లు అంటే 6 డాలర్ల 29 సెంట్లు. పొద్దున గంటన్నర, సాయంత్రం గంట, మొత్తం రెండున్నర గంటల డ్రైవింగ్. నెలకి 26 రోజులు. 65 గంటలు. దాదాపు 409 డాలర్లు. డ్రైవింగ్ అలవెన్సు అని నెలకి ఇంత అని చేతిలో పెట్టి, గంటలు కార్డులో రాయకపోతే, ఆ ఇచ్చింది ఎంత, రావాల్సింది ఎంత అని తమ్ముళ్లు ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. డ్రైవింగ్ ఒక్కటే 65 గంటలైతే, 72 గంటల హద్దులో మిగిలేది 7 గంటలు. అంటే ఆ తమ్ముడి చేత సైటులో రోజూ ఏడింటి దాకా రాడ్ కట్టించడానికి గంటలే మిగల్లేదు. 8 గంటల పని, రెండున్నర గంటల డ్రైవింగ్ కలిపితేనే పదిన్నర అయింది. దాని మీద ఇంకో రెండు గంటలు కట్టిస్తే రోజు హద్దు 12 కూడా దాటిపోతుంది. కార్డులో డ్రైవింగ్ రాయకుండా ఉంచితే ఇవన్నీ కనపడవు. రాస్తే, ఈ పని ఒక మనిషిది కాదు, ఇద్దరిది అని కాగితమే చెప్తుంది. అందుకే మేము సూపర్‌వైజర్లకి చెప్పేది ఒక్కటే: ఉన్న గంటలు ఉన్నట్టు రాయండి. మిగతా వాదన ఆ కాగితమే చేస్తుంది.

బయట దేశాల్లో ఎలా ఉందో కొంచెం చూద్దాం. అమెరికాలో అర్జెంటు సరుకు మోసే లారీలుంటాయి. ఫ్యాక్టరీలో లైను ఆగిపోకుండా రాత్రికి రాత్రి విడిభాగాలు చేర్చేవి. ఎంత అర్జెంటైనా అక్కడి డ్రైవరు 10 గంటల విశ్రాంతి తర్వాతే 11 గంటలు నడపాలి, అదీ డ్యూటీ మొదలైన 14 గంటల లోపల. 8 గంటల డ్రైవింగ్ తర్వాత 30 నిమిషాల బ్రేకు. ఇది కాగితం మీద రాసుకునేది కాదు, 2017 డిసెంబరు నుంచి బండిలోనే ఎలక్ట్రానిక్ మిషను లెక్కపెడుతుంది. సరుకు ఆగకూడదంటే ఇద్దరు డ్రైవర్లని పెడతారు, ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక బెర్తులో పడుకుంటారు. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఎప్పుడో చెప్పింది. అమలు సంగతి హైవే మీద ధాబా దగ్గర ఏ లారీ డ్రైవర్ని అడిగినా చెప్తాడు. మనం తెలుసుకోవాల్సింది ఇది: పెట్టెల్లో ఇనుము మోసే బండికి అంత లెక్క ఉంది. మన బండిలో మోసేది మనుషుల్ని. మన లెక్క రాసేది మిషను కాదు, మా సంతకం. ఆ సంతకం అబద్ధమైతే ఇక రూలు ఎక్కడుంది?

మరి అసలు లారీ వెనక మనుషుల్ని ఎక్కించడం ఎందుకు, బస్సులు పెట్టొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఇక్కడి పౌర సంఘాలు చాలా ఏళ్లుగా అదే అడుగుతున్నాయి. 2023 జూలైలో ప్రమాదాలు జరిగాక మరింత గట్టిగా అడిగాయి. ఒక్కసారిగా నిషేధిస్తే చిన్న కంపెనీలు తట్టుకోలేవు, బస్సులూ డ్రైవర్లూ సరిపోరు, పనులు ఆగుతాయి అని ప్రభుత్వం జవాబిచ్చింది. వ్యాపార సంఘాలూ అదే అన్నాయి. మా మాట కూడా చెప్తాం. సీటు, బెల్టు ఉన్న బండిలో మనిషిని తీసుకెళ్లడమే సరైన పద్ధతి. మా సైటుకే ఇప్పుడు ఒక డార్మ్ నుంచి బస్సు వస్తోంది, పని ఆగిపోలేదు. కానీ అన్ని చోట్లా బస్సు వచ్చే దాకా మనం లారీలోనే తిరగాలి. అప్పటి దాకా మన చేతిలో ఉన్నది ఆ అరగంట.

బండి నడిపే తమ్ముళ్లకి కొత్త దారి కూడా ఒకటి తెరుచుకుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి హెవీ వెహికల్ డ్రైవరు ఉద్యోగాన్ని మనలాంటి దేశాల వాళ్లకి అనుమతించే జాబితాలో చేర్చారు. నెలకి కనీసం 2,000 డాలర్ల జీతం ఇవ్వాలన్న షరతు ఉంది. ఈ పేరు చెప్పి డబ్బు గుంజే ఏజెంట్లు బయల్దేరతారు, జాగ్రత్త. జీతం ఎంత, ఏ ఉద్యోగం అన్నది అప్రూవల్ లెటర్‌లో చూసుకున్నాకే ఒక్క రూపాయైనా తీయండి.

ప్రమాదమే జరిగితే ఏం చెయ్యాలి? ముందు 995కి ఫోన్, అంబులెన్సు. పోలీసుకి 999. చిన్న దెబ్బ అనుకున్నా డాక్టరుకి చూపించుకోండి, ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కంపెనీ ఏర్పాటు చేసిన బండిలో పనికి వెళ్తూ, వస్తూ దెబ్బ తగిలినా అది పనిలో తగిలిన దెబ్బే, వర్క్ ఇంజురీ కాంపెన్సేషన్ చట్టం కిందికి వస్తుంది. తప్పు ఎవరిది అన్నది అక్కడ అడగరు. వైద్యం ఖర్చు కంపెనీ భరించాలి. మెడికల్ లీవుకి 14 రోజుల దాకా, ఆసుపత్రిలో ఉంటే 60 రోజుల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత ఏడాది వరకు మూడింట రెండు వంతులు. ప్రమాదం జరిగిన ఏడాది లోపల క్లెయిమ్ వెయ్యాలి. ఖాళీ కాగితం మీద, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. జీతం, ఓవర్‌టైమ్ గొడవలకి మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ హెల్ప్‌లైన్ 6536 2692, ఏ టైములోనైనా చెయ్యొచ్చు. పే స్లిప్పులు, టైమ్ కార్డు ఫొటోలు ఫోన్‌లో దాచుకోండి. బండి బయలుదేరిన టైము, చేరిన టైము డ్రైవరు తన చిన్న పుస్తకంలో రాసుకుంటే అదే రేపు సాక్ష్యం.

వెనక కూర్చునేవాళ్లకి కూడా ఒక పని ఉంది. అరగంట అంటే మీకు అన్నం ఆలస్యం, నిద్ర ఆలస్యం, మాకు తెలుసు. మొదట్లో మా సైటులోనూ విసుక్కున్నారు. "అతను పడుకుంటే మేము కూర్చోవాలా" అన్నారు. అందుకని పద్ధతి మార్చాం. ఇప్పుడు డ్రైవరు ఆరున్నరకే పనిముట్లు దించేస్తాడు, ఏడింటి దాకా కంటైనర్ ఆఫీసులో పడుకుంటాడు. మిగతావాళ్లు ఏడింటికి పని ఆపి నేరుగా బండి ఎక్కుతారు. తాళం మా దగ్గరుంటుంది, అరగంట నిండితేనే చేతికిస్తాం. ఫారం అప్పుడే రాస్తాం, డ్రైవరూ బడ్డీ ఇద్దరూ సంతకం పెడతారు. రెండో మనిషికి లైసెన్సు తీయించాం, వారం విడిచి వారం మారుతున్నారు. దీనికి ప్రాజెక్ట్ మేనేజరు మొదట ఒప్పుకోలేదు. రోజుకి అరగంట రాడ్ పని పోతుందన్నాడు. కంచె రిపేరుకి, మోచేయి విరిగినాయన మెడికల్ లీవుకి, రెండు రోజులు పని ఆగినదానికి అయిన లెక్క ముందు పెట్టాం. ఇంకేం మాట్లాడలేదు.

ఆ శ్రీకాకుళం తమ్ముడు ఇంకా మాతోనే ఉన్నాడు. ఈమధ్య ఒక సాయంత్రం వాన పడుతోంది, అందరూ బండిలో ఎక్కేశారు, అరగంటకి ఇంకా పది నిమిషాలుంది. మేమే తొందరపడి తాళం ఇవ్వబోయాం. అతను చెయ్యి చాపలేదు. "ఇంకా పది నిమిషాలుందన్నా" అన్నాడు. అప్పుడు "సరే" అనాల్సిన వంతు మాది.

రేపు సోమవారం. పొద్దున బండి ఎక్కే ముందు ఒక్కసారి డ్రైవరు ముఖం చూడండి. రాత్రి పడుకున్నావా తమ్ముడూ అని అడగండి. మాలాంటి సూపర్‌వైజర్ ఎవరైనా ముందే టిక్కు పెట్టిన ఫారం ఇస్తే, మర్యాదగానే వెనక్కి ఇవ్వండి.